బఠాణీ గింజంత మందు, మూడు నెలల ఓపిక

పోయిన సంచికలో ఎండాకాలపు ఊరగాయల గురించి రాశాను కదా. దానికి వచ్చిన ఉత్తరాలలో ఒకటి మాత్రం ఊరగాయల ఊసే ఎత్తలేదు. తిరుప్పూరు నుంచి ఒక తల్లి రాశారు. "మా అమ్మాయికి పదిహేడేళ్ళు. మొహమంతా జిడ్డు, మొటిమలు. పోనీ ఏదైనా రాద్దామంటే మంట, ఎరుపు. గట్టి సబ్బు వాడితే పొలుసులు లేస్తాయి, మానేస్తే మొటిమలు లేస్తాయి. మన పెద్దవాళ్ళ చిట్కా ఏదైనా ఉంటే మీ శీర్షికలో రాయండి" అని.

ఆ ఉత్తరం వారం రోజులు నా బల్ల మీదే ఉంది. చిట్కాలు తెలియక కాదు. తెలిసిన చిట్కాలన్నీ మా ఇంటి పిల్ల మొహం మీదే ప్రయోగించి, చివరికి దాన్ని చర్మవ్యాధుల డాక్టరు దగ్గరకు నడిపించినదాన్ని నేనే కాబట్టి. ఆ సంగతి రాయాలంటే సిగ్గేసింది. ఆ పిల్లకే ఫోను చేసి అడిగాను, రాయనా అని. "పేరు మాత్రం రాయొద్దు పెద్దమ్మా. ఇంకొకరికైనా తప్పుతుంది కదా, రాయి" అంది. అందుకని రాస్తున్నాను.

మేముండేది కోయంబత్తూరులో, పీలమేడు. నా చెల్లెల్ని ఇచ్చింది మదురైలో. విజయనగరం తరఫున విశ్వనాథ నాయకుడు 1529లో మదురై పాలన చేపట్టిన నాటి నుంచి తరతరాలుగా వచ్చి స్థిరపడిన కుటుంబాలు అక్కడ ఎన్నో. మా ఇళ్ళలో మాటలో సగం తమిళం కలిసిపోయింది. పిల్లలకు తెలుగు అక్షరాలు రావు. అయినా పోనిది ఒకటుంది. శుక్రవారం తలంటు, నలుగుపిండి, కస్తూరి పసుపు. ఇక్కడి తమిళులు నలంగు మావు అనే దాన్నే మేము నలుగుపిండి అంటాము. మా అవ్వ పెసలు, శెనగలు, ఎండబెట్టిన గులాబీరేకులు, వట్టివేళ్ళు కలిపి మిల్లులో పట్టించి డబ్బాలకు నింపి కూతుళ్ళందరికీ పంపేది. ఆ డబ్బా ఇప్పుడు నా చేతికి వచ్చింది. మదురైకి పంపేదాన్ని నేనే.

చెల్లెలి చిన్నకూతురికి పదహారో ఏట మొటిమలు మొదలయ్యాయి. ఇక్కడి పిల్లలు ముగప్పరు అంటారు. పరువంలో వచ్చేది పరు అని మా చెల్లెలు నవ్వేసింది. మొదట్లో నవ్వులాటగానే ఉండింది. కాలేజీలో చేరేనాటికి నుదురు, బుగ్గలు, గడ్డం, ఖాళీ లేకుండా వచ్చాయి. మధ్యాహ్నం పన్నెండు గంటలకల్లా మొహం నూనె దీపంలా మెరిసేది. అదే చర్మం కొత్త సబ్బు తగిలితే చాలు, కందిపోయేది.

జిడ్డు చర్మమంటే మొద్దు చర్మమని, ఏది రాసినా తట్టుకుంటుందని మనం అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. అక్కడే నా మొదటి తప్పు. జిడ్డుగా ఉంటూనే సున్నితంగా ఉండే చర్మాలు చాలా ఉంటాయని తరువాత తెలిసింది.

మొటిమ ఎలా పుడుతుందో ముందు చెబుతాను. చర్మం మీద ప్రతి వెంట్రుక మొదట్లోనూ చిన్న నూనె గ్రంథి ఉంటుంది. యుక్తవయసులో ఆండ్రోజెన్ అనే హార్మోన్ల ప్రభావం వల్ల ఆ గ్రంథులు ఎక్కువ నూనె ఊరిస్తాయి. వెంట్రుక రంధ్రం లోపలి గోడ నుంచి రాలే మృతకణాలు ఆ నూనెలో చిక్కుకొని దారి మూసేస్తాయి. మూత పైకి తెరుచుకొని ఉంటే నల్లగా కనిపిస్తుంది, మూసుకొని ఉంటే తెల్లటి గింజలా ఉంటుంది. ఆ నల్లటిది మట్టి కాదు, గాలి తగిలి రంగు మారిన పదార్థం. తోమితే పోదు. లోపల చిక్కుకున్న నూనెలో ఒక సూక్ష్మజీవి పెరుగుతుంది. 2016 నుంచి దాన్ని క్యూటిబాక్టీరియం ఆక్నెస్ అని పిలుస్తున్నారు. అది అందరి చర్మం మీదా ఉండేదే. దానితో మన శరీరం చేసే పోరాటమే ఆ ఎరుపు, వాపు, చీము. పన్నెండు నుంచి ఇరవైనాలుగేళ్ళ లోపు వారిలో నూటికి సుమారు 85 మందికి కొద్దో గొప్పో ఇది వస్తుంది. కాబట్టి ఇది మురికి వల్ల వచ్చింది కాదు, పిల్ల శుభ్రంగా లేకపోవడం వల్ల అసలే కాదు.

ఇదేమీ తెలియని రోజుల్లో నేను చేసిన పని వినండి. రోజూ నలుగుపిండితో మొహం గట్టిగా రుద్దుకోమన్నాను. ఒళ్ళంతటికీ నలుగు మంచిదే, ఇప్పుడూ వాడతాను. కానీ వాచిన మొటిమల మీద గరుకు పిండితో రుద్దితే పైపొర చిట్లుతుంది, వాపు పెరుగుతుంది. తరువాత నిమ్మరసం పిండి రాయమన్నాను. చర్మానికి సహజంగా కొద్దిపాటి ఆమ్లగుణం ఉంటుంది, దాని పీహెచ్ 5 దగ్గర. నిమ్మరసం 2 దగ్గర. పైగా నిమ్మరసం రాసుకొని ఎండలోకి వెళితే చర్మం కాలినట్టు నల్లబారుతుంది. మదురై ఎండ సంగతి వేరే చెప్పాలా? ఆ తరువాత ముల్తానీ మట్టి. అది జిడ్డును పీల్చింది నిజమే, జిడ్డుతో పాటు తేమనూ పీల్చేసింది. మామూలు సబ్బు పీహెచ్ 9, 10 ఉంటుంది. రోజుకు అయిదుసార్లు దానితో కడిగేది పాపం. ఎంత కడిగినా గంటకు మళ్ళీ మెరుపు. మొహం మాత్రం మండిపోయేది.

తలంటు కూడా మానలేదు. నువ్వుల నూనె పాపిట్లో పోసి, నుదుటి మీదుగా కారుతుంటే చేత్తో మొహానికే పట్టించేవాళ్ళం. తలనూనె నుదుటికి దిగి రంధ్రాలను పూడ్చడం వల్ల వచ్చే మొటిమలకు వైద్యులు ప్రత్యేకంగా ఒక పేరే పెట్టారు, పొమేడ్ ఆక్నె అని. జుట్టు మొదట్లో, నుదుటి మీద వరుసగా వచ్చేవి ఎక్కువగా అవే. ఒకసారి ఆ పిల్ల నూనె వద్దంది. నాకు కోపమొచ్చింది. "తెలుగు చదవడం ఎలాగూ రాదు, తలంటు కూడా మానేస్తే ఇంక మనవాళ్ళమని చెప్పుకోవడానికి ఏం మిగులుతుందే?" అన్నాను. నూనెకూ భాషకూ ముడిపెట్టి పిల్లను గద్దించానంటే, ఇప్పుడు తలుచుకుంటే నాకే ఎలాగో ఉంటుంది.

ఇక అసలు తప్పు.

దాని అక్క పెళ్ళి సంక్రాంతి తరువాత కుదిరింది. ఇరవై రోజులుంది. తోడుపెళ్ళికూతురుగా తానే ఉండాలి. "పెద్దమ్మా, నేను రాను. ఈ మొగంతో ఫోటోల్లో నిలబడలేను" అని గదిలో కూర్చుంది. నేను మదురై వెళ్ళాను. తెలిసినావిడ ఒకరు ఒక ట్యూబు పేరు చెప్పారు, వాళ్ళ అమ్మాయి వాడితే వారంలో మొహం తెల్లబడిందట. మందులంగడికి నేనే వెళ్ళి కొనుక్కొచ్చాను. చీటీ అడగలేదు, నేనూ అడగాలనుకోలేదు.

నిజంగానే అయిదో రోజుకు ఎరుపు పోయింది. పదో రోజుకు మొటిమలు అణిగాయి. మొహం నిగనిగలాడింది. పెళ్ళిలో అందరూ పిల్ల ఎంత బాగుందో అన్నారు. నేను నా గొప్పే అనుకున్నాను. పెళ్ళయ్యాక ఆపి చూస్తే రెండు రోజుల్లో మొహం మండి, మొటిమలు రెట్టింపు వచ్చాయి. మళ్ళీ రాస్తే తగ్గాయి. ఆపితే వచ్చాయి. అలా రాస్తూ రాస్తూ చిత్తిర పండుగ వచ్చింది.

మదురైలో చిత్తిర పండుగంటే ఊరు ఊరంతా వీధుల్లోనే ఉంటుంది. అళగర్ వైగై ఏటిలో దిగే తెల్లవారు ఇంట్లో ఉండేవాళ్ళుండరు. ఆ ఏడు మా పిల్ల వెళ్ళలేదు. బయటి వెలుతురు తగిలితే బుగ్గలు నిప్పులు పెట్టినట్టున్నాయంది. దగ్గరకు తీసుకొని చూశాను. బుగ్గల మీద సన్నటి ఎర్రటి నరాలు జాలులా కనిపిస్తున్నాయి. చెంపల మీద నూగు పెరిగింది. చర్మం ఉల్లిపొరలా పలచబడింది. దాని మధ్యలో ఒకే తీరుగా చిన్న చిన్న పొక్కులు. ఆ మొహం అలా చేసింది నేను కొన్న ట్యూబు.

మర్నాడే డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళాం. నడివయసు ఆవిడ. ట్యూబు తెచ్చారా అని అడిగి, వెనుక సన్న అక్షరాలు చదివి, మా పిల్ల చేతికే ఇచ్చి చదవమన్నారు. అందులో ఒక గట్టి స్టీరాయిడ్ ఉంది. ఎగ్జిమాలాంటి వాటికి డాక్టరు కొద్ది రోజులకు రాసే రకం. వాపునూ ఎరుపునూ త్వరగా అణుస్తుంది, రంగును పలుచన చేస్తుంది. అందుకే వారంలో అద్భుతంలా ఉంటుంది. వారాలూ నెలలూ మొహానికి రాస్తే చర్మం పలచబడుతుంది, రక్తనాళాలు బయటపడతాయి, వెంట్రుకలు పెరుగుతాయి, మొటిమలు ఇంకా వస్తాయి. ఆపగానే మంట తిరగబడుతుంది. దాన్ని చూసి మనం మందు పనిచేస్తోందనుకొని మళ్ళీ రాస్తాం. అదొక వల.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదని ఆవిడే చెప్పారు. మన దేశంలో 12 చోట్ల చర్మవ్యాధుల విభాగాలలో చేసిన ఒక పరిశీలన 2011లో అచ్చయింది. మొహం మీద బాధలతో వచ్చిన 2926 మందిలో 433 మంది ఇలాంటి స్టీరాయిడ్ పూతలు వాడుతున్నారట. వాళ్ళలో సగానికి పైగా డాక్టరు కానివాళ్ళ సలహాతోనే. వచ్చిన చెడుగులలో అన్నింటికన్నా ఎక్కువ ఏమిటో తెలుసా? మొటిమలే. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టీరాయిడ్ పూతలను చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. చట్టం ఉంది. కానీ చీటీ అడగకుండా కొనే నాలాంటి పెద్దమ్మలు ఉన్నంతకాలం చట్టం ఒక్కటే ఏం చేస్తుంది?

అందుకని ఈ పేర్లు రాసి పెట్టుకోండి. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్. మొటిమలకనో, తెల్లబడడానికనో ఎవరైనా ఇచ్చిన ట్యూబు వెనుక వీటిలో ఏదైనా కనిపిస్తే మొహానికి రాయకండి. ఇప్పటికే నెలల తరబడి రాస్తున్నవాళ్ళు భయపడి ఒక్కసారిగా ఆపేయకుండా డాక్టరుకు చూపించండి. మెల్లగా దించే పద్ధతి ఉంది.

ఆ రోజు డాక్టరు చీటీ రాసి ఇస్తూ ఒక మాటన్నారు. "నేను రాసిన మందులు రెండే అమ్మా. మీరు మానాల్సినవి ఎనిమిది." నలుగు, నిమ్మ, మట్టి, పసుపు, గట్టి సబ్బు, మొహం మీద నూనె, గిల్లడం, ఆ ట్యూబు. లెక్కపెట్టుకుంటే అన్నీ నావే, గిల్లడం తప్ప.

మొదటి రెండు నెలలు మొటిమల మందే లేదు. మెత్తటి ఫేస్‌వాష్, వాసన లేని తేలిక క్రీము, ఎండకు సన్‌స్క్రీన్, లోపలికి డాక్సీసైక్లిన్ మాత్రలు. ఇక్కడ మన తెలుగువాళ్ళకు తెలియాల్సిన సంగతి ఒకటుంది. డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ కుటుంబపు మందు. ఆ కుటుంబంలో మొట్టమొదటిది ఆరియోమైసిన్. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో బెంజమిన్ డగ్గర్ కనిపెట్టగా 1948లో వెలువడింది. అప్పుడు అక్కడ పరిశోధనలకు సారథి భీమవరంలో పుట్టి, మద్రాసు మెడికల్ కాలేజీలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆ సంవత్సరమే ఆయన పోయారు. ఈ మాట చెబితే మా పిల్ల మాత్ర చేతిలో పట్టుకొని, "అయితే ఇది మనవాళ్ళ చిట్కానే పెద్దమ్మా" అంది. అన్ని నెలల తరువాత అది నవ్వడం అప్పుడే చూశాను. ఆ మాత్రలు వేసుకునేవాళ్ళు గ్లాసెడు నీళ్ళతో వేసుకొని, వెంటనే పడుకోకూడదు. ఎండ తొందరగా సోకుతుంది కూడా. గర్భిణులకు, చిన్నపిల్లలకు పనికిరావు.

ఇక తిరుప్పూరు తల్లిగారు అడిగిన ప్రశ్నకు వస్తాను. మీ అమ్మాయి స్టీరాయిడ్ వలలో పడలేదు కాబట్టి మీ దారి సులువు. జిడ్డు చర్మం, కందిపోయే చర్మం, రెండూ ఒకటైనప్పుడు మందును ఎలా ఎంచుకోవాలో మేము నేర్చుకున్నది చెబుతాను. మందు మాత్రం డాక్టరును అడిగే మొదలుపెట్టండి.

మొదట కడగడం. రోజుకు రెండుసార్లు చాలు, చెమట పట్టినప్పుడు మూడోసారి. సబ్బు బిళ్ళ కాదు, నురగ తక్కువగా, వాసన లేని ఫేస్‌వాష్. వేళ్ళతోనే, గోరువెచ్చని నీళ్ళతో. బోరు నీళ్ళు ఉప్పగా ఉండే ఇళ్ళలో సబ్బు తెట్టు చర్మం మీద మిగిలిపోతుంది, బాగా కడగండి. తువ్వాలుతో రుద్దకుండా అద్దండి. తరువాత తేలిక మాయిశ్చరైజర్. జిడ్డు మొహానికి క్రీమేమిటని నేనూ అడిగాను. జిడ్డు వేరు, తేమ వేరట. తేమ లేని చర్మం ఏ మందునూ తట్టుకోలేదు. రంధ్రాలను పూడ్చదని, నాన్ కొమెడోజెనిక్ అని డబ్బా మీద ఉందో లేదో చూడండి. పొద్దుట దాని మీద జెల్‌లా ఉండే సన్‌స్క్రీన్. మన గోధుమరంగు చర్మంలో మొటిమ మానాక నల్లమచ్చ నెలల తరబడి నిలుస్తుంది. ఎండ ఆ మచ్చను ఇంకా ముదురు చేస్తుంది.

ఇవి రెండు వారాలు చేసి, మంట లేదనుకున్నాకే మందు. సున్నితమైన చర్మానికి ఎక్కువగా ఒప్పేది అజిలాయిక్ యాసిడ్. కాస్త చురచురలాడుతుంది కాని మొటిమలతో పాటు మచ్చలకూ పనిచేస్తుంది, గర్భిణులకు కూడా డాక్టర్లు రాస్తారు. మా పిల్లకు మూడో నెల నుంచి ఇదే ఇచ్చారు. రెండోది అడాపలీన్. రంధ్రాలు పూడకుండా చూసేది ఇదే, మొటిమల వైద్యానికి వెన్నెముకలాంటిది. అమెరికాలో 2016 నుంచి చీటీ లేకుండా దొరుకుతోంది కాబట్టి బంధువులు ట్యూబులు తెచ్చిపెడతారు, చూసి వాడండి. 0.1 శాతం జెల్, రాత్రిపూట, మొహం పూర్తిగా ఆరాక, బఠాణీ గింజంత తీసుకొని మొహమంతటికీ పలుచగా రాయాలి. మొటిమ మీద చుక్కపెట్టే మందు కాదిది. మొదట్లో రాత్రి మార్చి రాత్రి, ముందు క్రీము రాసి దాని మీద మందు రాస్తే మంట తగ్గుతుంది. మొదటి వారాల్లో మొటిమలు కొంచెం పెరిగినట్టనిపిస్తుంది, బెదరకండి. గర్భం రావచ్చునన్న వాళ్ళు వాడకూడదు.

మూడోది బెంజాయిల్ పెరాక్సైడ్. ఇది సూక్ష్మజీవిని చంపుతుంది. ఎక్కువ శాతం ఉంటే ఎక్కువ గుణమని కొనకండి. 1986లో అచ్చయిన ఒక పరిశోధనలో 2.5 శాతం మందు వాచిన మొటిమల మీద 5, 10 శాతాలతో సమానంగా పనిచేసింది, మంట మాత్రం 10 శాతం కన్నా తక్కువ. సున్నిత చర్మానికి రాసి కొద్ది నిమిషాలకే కడిగేసే పద్ధతి కూడా ఉంది. తువ్వాళ్ళ రంగు, దిండు గలీబుల రంగు పోతుంది, తెల్లవి వాడండి. క్లిండమైసిన్ జెల్ ఒక్కటే నెలల తరబడి రాస్తే సూక్ష్మజీవి దానికి అలవాటు పడిపోతుంది. అందుకే బెంజాయిల్ పెరాక్సైడ్‌తో కలిపి రాస్తారు.

ఏది కొత్తగా తెచ్చినా ముందు చెవి వెనుకో, దవడ అంచునో నాలుగైదు రోజులు కొంచెం రాసి చూడండి. ఒకేసారి రెండు కొత్తవి మొదలుపెట్టకండి. మంట దేనివల్లనో తెలియాలి కదా. ఒకసారి మొదలుపెట్టాక ఎనిమిది నుంచి పన్నెండు వారాలు ఆగండి. అంతకు ముందు ఏ మందుకూ మార్కులు వేయకూడదు. మూడు వారాలకొక ట్యూబు మార్చే ఇంట్లో ఏ ట్యూబూ పనిచేయదు. వారంలో తెల్లబరిచేది ఏదైనా ఉందంటే, వెనుక అక్షరాలు చదవండి.

తిండి సంగతి అందరూ అడుగుతారు. నూనె వంటల వల్ల, కారం వల్ల మొటిమలు వస్తాయని రుజువు లేదు. త్వరగా చక్కెరగా మారే తిండికి మాత్రం కొంత సంబంధం ఉంది. ఆస్ట్రేలియాలో 43 మంది యువకులతో 12 వారాలు చేసిన పరిశోధన 2007లో వచ్చింది. అలాంటి తిండి తగ్గించినవాళ్ళకు మొటిమలు ఎక్కువగా తగ్గాయి. కొందరికి పాలతోనూ పెరుగుతాయంటారు. పిల్లను పస్తు పెట్టమని కాదు. మూడు పూటలా తెల్లన్నం, ఇడ్లీలు, మధ్యలో తీపి కాఫీ అన్నచోట ఒక పూట పప్పు, కూరలు పెంచి చూడండి.

ఇంటి వైద్యంతో ఆగకూడని సందర్భాలున్నాయి. లోతుగా గడ్డల్లా వచ్చి గుంటలు పడుతున్నా, నెలసరి తప్పుతూ గడ్డం మీద వెంట్రుకలూ మొటిమలూ వస్తున్నా, నుదుటి మీద ఒకే సైజులో దురదపెట్టే పొక్కులు వచ్చినా డాక్టరుకు చూపించాలి. ఆ చివరిది మొటిమే కాకపోవచ్చు, ఈస్టు వల్ల వచ్చేది అయితే దాని మందే వేరు. గుంటలు పడే రకానికి ఐసోట్రెటినాయిన్ మాత్రలు చాలా బాగా పనిచేస్తాయి. కానీ గర్భంలో పిల్లకు ఘోరమైన లోపాలు తెస్తాయి కాబట్టి డాక్టరు కనుసన్నలలోనే వాడాలి. పెళ్ళి దగ్గర పడిన పిల్లల తల్లులు ఈ మాట మరిచిపోకండి.

ఇవన్నిటికన్నా ముఖ్యం, పిల్లను అడగండి. ఎన్ని రోజులుగా అద్దం చూడడం మానేసింది, కాలేజీ ఎన్నాళ్ళు ఎగ్గొట్టింది, ఎవరేమన్నారు. మా చెల్లెలి ఇంటికి వచ్చే చుట్టాలు పిల్లను చూడగానే, "అయ్యో, ఏమే మొగం ఇలా చేసుకున్నావు?" అనేవాళ్ళు. చేసుకున్నావట! ఆ మాట అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఇప్పుడు మూడేళ్ళయింది. మా పిల్ల మొహం కోలుకోవడానికి పది నెలలు పట్టింది. ఎడమ బుగ్గ మీద సన్నటి ఎర్రనరాలు కొన్ని ఇంకా ఉన్నాయి, అక్కడక్కడ మచ్చలూ ఉన్నాయి. నెలకొకటో రెండో మొటిమలు వస్తూనే ఉంటాయి. వస్తే గిల్లదు, ట్యూబుల కోసం పరుగెత్తదు. ఉద్యోగంలో చేరింది. పోయిన చిత్తిరకు టోపీ పెట్టుకొని, సన్‌స్క్రీన్ రాసుకొని అళగర్‌ను చూడడానికి వైగైకి వెళ్ళి వచ్చింది.

వాళ్ళ హాల్లో అక్క పెళ్ళి ఫోటో ఉండేది. తోడుపెళ్ళికూతురి మొహం అందులో చందమామలా ఉంటుంది. ఒకరోజు అది ఆ ఫోటో తీసేసి, ఆ తరువాతి ఏడు తీసుకున్న మామూలు ఫోటో పెట్టింది. "అందులో ఉన్నది నేను కాదు పెద్దమ్మా, ఆ ట్యూబు" అంది. నేనేమీ మాట్లాడలేదు.

నలుగుపిండి డబ్బా ఇప్పటికీ పంపుతున్నాను. చేతులకూ కాళ్ళకూ వాడుతుంది. తలంటు కూడా మానలేదు. నూనె నుదుటికి దిగకుండా గుడ్డ కట్టుకొని, వెంటనే మొహం కడిగేస్తుంది. తలంటూ నిలిచింది, మొహమూ తేరుకుంది. మధ్యలో గుడ్డముక్క అడ్డం పెడితే చాలని నాకు ముందే తోచలేదు.

తిరుప్పూరు తల్లిగారూ, చిట్కా అడిగారు కదా, ఇదే నా చిట్కా. మూడు నెలల తరువాత మీ అమ్మాయి చేత ఒక ఉత్తరం రాయించండి. తెలుగు రాయడం రాకపోతే తమిళంలోనే రాయమనండి, చదువుకుంటాను. వచ్చే సంచికలో మళ్ళీ కలుద్దాం.